మోకాలి గుజ్జు అరుగుతోందన్నారు, షటిల్ మాత్రం మానలేను. బ్రేస్ వేసుకుని ఆడొచ్చా?

ఎంవీపీ షట్లర్:
అందరికీ నమస్కారం. నాకు 54. పదిహేనేళ్లుగా పొద్దున్న ఐదున్నరకి మా కాలనీ ఇండోర్ కోర్టులో డబుల్స్ ఆడుతున్నాను. ఆర్నెల్లుగా కుడి మోకాలి లోపలి వైపు నొప్పి, మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ. నిలబెట్టి ఎక్స్‌రే తీసి గ్రేడ్ 2 అరుగుదల అన్నారు, షటిల్ మానేసి నడవండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నడక నాకు పడదండీ. నాలుగు రోజులు బీచ్ రోడ్డులో నడిచి, ఐదో రోజు రాకెట్ పట్టుకుని వెళ్లిపోయాను.

మెడికల్ షాపులో నీ క్యాప్ (మోకాలికి వేసుకునే సాగే తొడుగు) కొన్నాను. సైజేంటి అంటే ఏం చెప్పాలో తెలీక ప్యాంటు నడుము కొలత చెప్పాను (నవ్వకండి), ఆయన ఎల్ ఇచ్చాడు. రెండో గేమ్‌కే పిక్కమీదకి జారిపోతోంది. ఎమ్ తెచ్చుకుంటే ఈ ఉక్కకి మోకాలి వెనక మడతలో దద్దుర్లు. ఇప్పుడు పక్కల కమ్మీలున్న బ్రేసులు చూస్తున్నాను, ఒక్కోటి ఒక్కో రకం. దేనికి ఏది? అది వేసుకుంటే ఆట సాగుతుందా, లేక నన్ను నేను మోసం చేసుకుంటున్నానా?

ఉక్కునగరం రిటైర్డ్:
ముందు నీ క్యాప్ వేరు, బ్రేస్ వేరు అని తెలుసుకోండి, నేను ఇది తెలీక ఏడాది పోగొట్టుకున్నాను. సాగే గుడ్డతో చేసిన క్యాప్ మోకాలిని వెచ్చగా ఉంచుతుంది, కాలు ఎక్కడ పడుతోందో ఒక పట్టు తెలుస్తుంది, అంతే, బరువేమీ తను మొయ్యదు. నాదీ మీలాగే లోపలి వైపు అరుగుదల, పైగా కాలు కాస్త బయటికి వంగింది. ఇలాంటివాటికి అన్‌లోడర్ బ్రేస్ అని ఉంటుంది. తొడ దగ్గర, పిక్క దగ్గర, మోకాలి పక్కన మూడు చోట్ల నొక్కి, అరిగిన వైపు పడే బరువులో కొంత రెండో వైపుకి మళ్లిస్తుంది. క్యాప్ కంటే చాలా రెట్లు ఖరీదు, మొదటి వారం ఎవరో కాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టుంది. ఇప్పుడు దాంతోనే వారానికి మూడు రోజులు వాలీబాల్ ఆడుతున్నాను, ఎగిరి కొట్టడం మాత్రం కుర్రాళ్లకి వదిలేశాను. కానీ రెండు వైపులా అరిగినవాళ్లకీ, మోకాలి చిప్ప వెనకే నొప్పి ఉన్నవాళ్లకీ ఇది పెద్దగా పనికిరాదు. నన్ను చూసి మా బావమరిది కొనుక్కున్నాడు, అది వాళ్లింట్లో బీరువా పైన ఉంది.

హనుమంతవాక బాధితుడు:
గురూ, నా కథ విను. బ్రేస్ వేసుకుంటే ఒంట్లో బలం వచ్చినట్టు ఉంటుంది, అక్కడే దెబ్బైపోతాం. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ దీంతో లాగించేద్దాం అనుకుని, జారకూడదని స్ట్రాపులు బాగా బిగించి కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాను. హనుమంతవాక వచ్చేసరికి పాదం తిమ్మిరి, వేళ్లు నావి కానట్టున్నాయి. పక్కన కూర్చుని విప్పితే పిక్క మీద స్ట్రాపు అచ్చు వేలు పట్టేంత లోతుగా దిగింది, కింద భాగమంతా ఉబ్బింది. అప్పన్న దయవల్ల ఆటోలో ఇంటికొచ్చాను. బ్రేస్ తప్పేం లేదు, అంతదూరం ఎప్పుడూ నడవనివాణ్ణి ఆ రోజే నడవడం నా తెలివి.

సీతమ్మధార ఫిజియో:
ఎక్స్‌రే చూడకుండా మీ కాలి గురించి చెప్పను, మామూలుగా అందరికీ చెప్పేది రాస్తాను. అమెరికన్ రుమటాలజీ కాలేజీ 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి వ్యాయామం, బరువు తగ్గడం, పైపూత మందులతో పాటు బ్రేస్‌ని కూడా గట్టిగానే సిఫారసు చేశారు. కాబట్టి మీరు మిమ్మల్ని మోసం చేసుకోవడం లేదు. అందరూ కొనే గ్లూకోసమైన్ బిళ్లలు మాత్రం వద్దని అంతే గట్టిగా అన్నారు.

అయితే అసలు బ్రేస్ మీ తొడ ముందు కండరం. నొప్పి వల్ల ఆ కాలిని మనకి తెలీకుండానే తక్కువ వాడతాం, కండ కరుగుతుంది, అప్పుడు దెబ్బలన్నీ కీలు మీదే పడతాయి. ఒక పని చెయ్యండి. టేపు తీసుకుని మోకాలి చిప్ప మధ్యలో ఒక కొలత, చిప్పకి పైన 15 సెంటీమీటర్ల దగ్గర తొడ కొలత, రెండు కాళ్లకీ రాసుకోండి. బ్రేస్ సైజు కూడా ఇలాంటి కొలతలతోనే, డబ్బా మీద ఎక్కడ కొలవమన్నారో అక్కడ కొలిచి తీసుకోవాలి, నడుముతో కాదండీ బాబూ.

ఆటలో నొప్పి పదికి మూడు దాటకుండా ఉండి, మర్నాటికల్లా మామూలుకి వచ్చేస్తే ఆడుకోవచ్చు. మర్నాడు కూడా వాచి ఉంటే ఎక్కువైనట్టే. డబుల్స్‌లో మోకాలికి బరువయ్యేది నెట్ దగ్గర ఒక్కసారిగా ముందుకు వంగి కాలు వెయ్యడం, జంప్ స్మాష్ (ఎగిరి బలంగా కొట్టడం) తర్వాత ఒంటికాలి మీద దిగడం. ఆ రెండూ తగ్గించండి. కేజీ బరువు తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుతుంది, అది ఏ బ్రేస్ కంటే చవక. ఇక మోకాలు ఇరుక్కుపోయినట్టు ఆగిపోవడం, వేడెక్కి వాచడం, జ్వరం ఉంటే ఇక్కడ అడగకుండా డాక్టరు దగ్గరికెళ్లండి.

ఇంకో మాట, బీచ్‌లో నడిచేవాళ్లు ఒడ్డు వాలు చూసుకోండి. ఒక వైపే నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది.

గాజువాక పిన్ని:
ఆటలు ఆడేవాళ్లకేనా ఈ బ్రేసులు? నాకు వంటగదిలోనే చాలు. పీట మీద కూర్చుని కూరలు తరగడం మానేశాక సగం నొప్పి పోయింది, డబ్బులు మిగిలాయి.

ఎంవీపీ షట్లర్:
పిన్నిగారూ, మా ఆవిడ ఇదే అంటోంది. అందరికీ థాంక్స్. కొలిచాను. చిప్ప దగ్గర రెండు కాళ్లూ ఒకటే, 38. తొడ దగ్గర ఎడమ 49, కుడి 46.5. టేపు సరిగ్గా పట్టుకోలేదేమో అని మా అమ్మాయితో మళ్లీ కొలిపించాను, అంతే వచ్చింది. పదిహేనేళ్లుగా ఆడుతున్నాను కదా, కాళ్లకి వేరే వ్యాయామం దేనికి అనుకున్నవాణ్ణి, ఇది చూసి నోట మాట రాలేదు. నెలరోజులు రాకెట్ పక్కన పెట్టి ఫిజియో దగ్గరికి వెళ్తున్నాను. తర్వాత బ్రేస్‌తో, వెనక కోర్టులోనే. నెట్ నువ్వే చూసుకో అని పార్ట్‌నర్‌కి చెప్పేశాను, గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. ఉక్కునగరం సార్, ఆ వెల్‌క్రో ఎన్నాళ్లకి పట్టు వదిలేస్తుంది?

ఉక్కునగరం రిటైర్డ్:
అందులో నూలుపోగులు ఇరుక్కుంటే నెలకే వదిలేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో దువ్వండి, మళ్లీ పట్టుకుంటుంది. చేత్తో ఉతికి నీడలో ఆరేయండి, మిషన్‌లో వేశారంటే పని అయిపోయినట్టే. దద్దుర్లకి, లోపల పల్చటి కాటన్ తొడుగు వేసుకుని దాని మీద కట్టండి, ఆట అయిన వెంటనే విప్పెయ్యండి. టీ దాకా ఉంచుకోకండి, నేనూ అక్కడే చేశాను తప్పు.