కుటుంబ ప్రయోజన పథకానికి ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న: మా బావగారు కిందటి వారం చనిపోయారు. వయసు 46. ఇంట్లో సంపాదించేది ఆయన ఒక్కరే. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద అక్కకు 20,000 రూపాయలు వస్తాయని విన్నాను. ఆధార్‌లో బావగారి ఇంటిపేరు పూర్తిగా ఉంది, రేషన్ కార్డులో పొడి అక్షరమే. అక్క ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగే స్థితిలో లేదు, నేనే చూడాలి. ముందు ఏది పట్టుకోవాలి?

జవాబు 1: ముందు మరణ నమోదు. మిగతావన్నీ దాని వెనకే. 21 రోజుల్లోపు తెలియజేస్తే రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించండి. పత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. క్యూలో వెనకవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. రెండు మూడు అసలు ప్రతులు తీసుకోండి.

జవాబు 2: చనిపోయినవారి వయసు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండాలి, కుటుంబం దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి. కాబట్టి వయసు రుజువు, రేషన్ కార్డు నకలు జతచేయండి. బ్యాంకు ఖాతా అక్కగారి పేరిటే ఉండాలి, భర్తతో ఉమ్మడి ఖాతా ఇవ్వకండి. ‘నేను చూసుకుంటాను’ అని ఆఫీసు గేటు దగ్గర ఎదురయ్యే మనిషికి ఒక్క కాగితం కూడా ఇవ్వకండి.

జవాబు 3: వితంతు పింఛను వేరు. దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి, నకళ్లు మాత్రం ఇవే పనికొస్తాయి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. అక్క పాసుపుస్తకంలో ఇంకా పుట్టింటి పేరే ఉంది. రేపు ముందు బ్యాంకుకే వెళ్తాను.