చిన్న గదుల్లో పాడేవాడికి యమహా పీఎస్ఆర్-ఈ473 కీబోర్డ్ చాలా, ఎస్ఎక్స్600 దాకా ఆగాలా?

మంద్రస్థాయి:
ఒక్కడినే పాడుతూ వాయిస్తాను. జనం కూర్చుని మాట్లాడుకునే చిన్న గదులు, డ్యాన్సులు ఉండవు. శబ్దం కాస్త పెరిగితే తగ్గించమంటారు. యమహా పీఎస్ఆర్-ఈ473 చూశాను. 61 కీలు, 7 కిలోలు, మైకు పెట్టుకునే జాక్ ఉంది. ఇది చాలా, డబ్బు కూడబెట్టి యమహాదే ఎస్ఎక్స్600 తీసుకోవాలా?

నల్లమెట్టు:
కళ్ళు మూసుకుని ఈ473 తీసుకోండి. మీ గదులకు 6+6 వాట్ల స్పీకర్లు చాలు. ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే ప్లగ్ పాయింట్ పక్కనే కూర్చోవాల్సిన పని లేదు. పాటకొక రిజిస్ట్రేషన్‌లో (ఒక్క బటన్‌తో తిరిగొచ్చే సెట్టింగుల్లో) వాయిస్ (వాయిద్యం ధ్వని), స్టైల్ (కీబోర్డ్ తనే వాయించే తోడు వాద్యం), టెంపో దాచుకోండి. మధ్యలో మెనూలు వెతుక్కోవడం తప్పుతుంది.

ఎడమచెయ్యి:
పాలిఫనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య, 64 అని ఎందుకు చెప్పరు? స్టైల్ నడుస్తుంటే డ్రమ్స్, బేస్, కార్డ్స్ (కలిపి పలికించే స్వరాలు) అన్నీ ఆ 64లోంచే నోట్లు తీసుకుంటాయి. పైన రెండు వాయిస్‌లు కలిపి, సస్టెయిన్ పెడల్ (వేలు తీసినా నోటును మోగిస్తూ ఉంచేది) తొక్కి పట్టుకోండి, ముందు వాయించిన నోట్లు తెగిపోతాయి. ఎస్ఎక్స్600లో 128.

నల్లమెట్టు:
నెమ్మది పాటకు, మూడు వేళ్ళ కార్డుకు 64 నిండదు. నేను ఇలాంటి చోట్లే వాయిస్తున్నాను. ఒక్క నోటు తెగినట్టు ఎవరూ అనలేదు.

ఎడమచెయ్యి:
ఎవరూ అనకపోతే తెగనట్టేనా? బ్యాలడ్ స్టైల్ పెట్టి, స్ట్రింగ్స్ మీద పియానో కలిపి, పెడల్ వదలకుండా రెండు బార్లు (తాళం ఆవర్తాలు) వాయించి వినండి.

జాక్‌పిన్:
హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉన్న మోడల్ మాత్రం వద్దు. దాన్ని ఆంప్‌కి కలిపితే కీబోర్డ్ స్పీకర్లు ఆగిపోతాయి, మీ వాయిద్యం మీకే వినపడదు. ఈ473లో లైన్ అవుట్ (ఆంప్‌కి కలిపే జాక్) విడిగా ఉంది.

నల్లమెట్టు:
పెడల్ వదలకుండా వాయిస్తే ఏ పియానో అయినా కలగాపులగమే. కార్డు మారినప్పుడు పెడల్ మార్చడం వాయించేవాడి పని. దానికి 128 ఎందుకు?

సన్నగొంతు:
మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ముందు తగ్గుతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో చక్కగా కుదిరిన బ్యాలెన్స్ గదిలో తక్కువ వాల్యూమ్‌లో పలచబడి, హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) టిక్కు టిక్కుమంటూ పైకి తేలుతుంది. మాస్టర్ వాల్యూమ్ ఒక్కటే తగ్గిస్తే కుదరదు. స్టైల్ వాల్యూమ్ విడిగా సరిచేసుకోవాలి, అదీ వాయించబోయే వాల్యూమ్‌లోనే.

ఎడమచెయ్యి:
సరే, వేరియేషన్ల మాట. ఈ473లో ప్రతి స్టైల్‌కు మెయిన్ వేరియేషన్లు (అదే స్టైల్‌లో మార్చుకునే తీరులు) రెండే, ఎస్ఎక్స్600లో నాలుగు. రెండింటితో గంటసేపు వాయిస్తే వినేవాళ్ళకు విసుగు రాదా?

నల్లమెట్టు:
మొదట పాలిఫనీ, ఇప్పుడు వేరియేషన్లు. కీబోర్డ్ గురించి ఎవరు అడిగినా మీది ఇదే వరస. నాలుగున్నా ఇంకో తప్పు పడతారు. మీకు నచ్చిన అరేంజర్ (ఇలా తోడు వాద్యం తనే వాయించే కీబోర్డ్) పేరు ఒక్కటి చెప్పండి.

ఎడమచెయ్యి:
ఒక్కటీ లేదు. నేను బేస్ గిటార్ వాయిస్తాను. మేం ముగ్గురం వారం వారం వాయించే చోటు ఒకటి ఉండేది. మా గాయకుడు అరేంజర్ కొన్నాడు. ఆ తర్వాత డ్రమ్మర్‌కీ నాకూ పిలుపు రాలేదు. ఎడమ చేత్తో కార్డు పట్టుకుంటే నా బేస్ లైన్ దానంతట అదే వస్తుంది. మీరు ఇక్కడ మెచ్చుకుంటున్నది దాన్నే.

జాక్‌పిన్:
ఇది ముందే చెప్పి ఉంటే సగం మాటలు తప్పేవి.

నల్లమెట్టు:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ నా సంగతీ వినండి. నేను పాడే చోట్ల ఇచ్చేది ఒక్క మనిషికి సరిపడా డబ్బు. అరేంజర్ లేకపోతే అక్కడ ముగ్గురు వాయించరు, స్పీకర్‌లో రికార్డు పాట పెడతారు. నా వల్ల ఎవరి పనీ పోలేదు.

ఎడమచెయ్యి:
మరి అంత చిన్న గదికి డ్రమ్స్, బేస్, స్ట్రింగ్స్ అన్నీ ఎందుకు? కీబోర్డ్, గొంతు చాలవా? నిశ్శబ్దంగా ఉండాలనే చోట బ్యాండంతటినీ నకలు చేయడం నాకు మింగుడు పడదు. బేస్ మీ ఎడమ చేత్తో మీరే వాయించండి. తప్పు పడినా మీది మీరు వాయించినట్టుంటుంది.

మంద్రస్థాయి:
స్టైల్‌లో తాళం మాత్రం ఉంచి మిగతావి ఆపొచ్చా?

సన్నగొంతు:
ఆపొచ్చు. ఏసీఎంపీ (తోడు వాద్యం బటన్) ఆఫ్ చేస్తే రిథమ్ ఒక్కటే నడుస్తుంది. స్ప్లిట్ పెట్టి (కీలను రెండు భాగాలు చేసి) ఎడమ వైపు అకౌస్టిక్ బేస్ వాయిస్ పెట్టుకోండి. కుడి చేతికి మూడున్నర ఆక్టేవులు మిగులుతాయి, పాటకు తోడుగా వాయించడానికి అది చాలు.

నల్లమెట్టు:
పాడుతూ, బేస్ నడుపుతూ, కుడి చేత్తో కార్డులు... అందరికీ ఆ సాధన ఉండదు. నా స్టైల్స్ నేను వదలను.

మంద్రస్థాయి:
ఎలా వాయించినా పాలిఫనీ తేడా నాకు అడ్డు రాదని అర్థమైంది. ఈ473 తీసుకుంటున్నాను. నెమ్మది పాటలకు ఏసీఎంపీ ఆఫ్. ఎడమచెయ్యి గారూ, కార్డు మారే చోట బేస్ ఏ నోట్ మీదుగా వెళ్ళాలో నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎడమచెయ్యి:
ముందు రూట్ (కార్డుకు పేరిచ్చే స్వరం), ఫిఫ్త్ (దాన్నుంచి ఐదో స్వరం) మాత్రమే వాయించండి. అది గొంతుతో కుదిరాక, తర్వాతి కార్డు రూట్‌కు అర మెట్టు (ఒక్క కీ) కింద నుంచి చేరడం అలవాటు చేసుకోండి.