68 ఏళ్ల వయసులో ఆటోమేటిక్ కారుకి మారొచ్చా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, సీతమ్మధార. 2011లో కొన్న మాన్యువల్ కారే ఇప్పటికీ నడుపుతున్నాను. మొన్న సాయంత్రం మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేసింది. ఇంటికొచ్చాక తలుపు పట్టుకుని ఓ నిమిషం అలాగే నిలబడిపోయాను. మా ఆవిడేమో "ఇక ఆటోల్లో తిరుగుదాం" అంటోంది. నాకు మనసొప్పడం లేదు. కళ్లు బాగానే ఉన్నాయి, శుక్లాల ఆపరేషన్ కూడా అయిపోయింది లెండి.

ఆటోమేటిక్‌లలో ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్, గేర్లు మాత్రం కారే మార్చుకుంటుంది) చవక, కానీ గేరు మారేటప్పుడు కాస్త కుదుపు. సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం) మెత్తగా పోతుంది, ధరే ఎక్కువ. నా అసలు భయం సింహాచలం ఘాట్ రోడ్డు. ఎత్తులో ఆగి కదిలేటప్పుడు ఏఎంటీ వెనక్కి జారకుండా హిల్ హోల్డ్ (బ్రేక్ వదిలాక కాసేపు కారును పట్టి ఉంచే ఏర్పాటు) ఆపుతుందా? అలవాటులో ఎడమ కాలు క్లచ్ అనుకుని బ్రేక్ తొక్కేస్తుందేమోనని ఇంకో టెన్షన్. ఈ వయసులో మారినవాళ్లుంటే, ఎన్నాళ్లకు చేయి తిరిగిందో చెప్పండి.