వియన్నా నుంచి బ్రాటిస్లావా: ఒక్క రోజులో నడిచి చూడటం కుదురుతుందా?

ప్రశ్న (గోదారి_గట్టు):
అక్టోబరు మధ్యలో వియన్నాలో ఒక రోజు ఖాళీగా ఉంది. పొద్దున స్లోవాకియా రాజధాని బ్రాటిస్లావా వెళ్లి రాత్రికి తిరిగి రావాలని ఆలోచన. అమ్మ కూడా వస్తోంది. చదునుగా ఉంటే ఎంతయినా నడుస్తుంది, మెట్లంటేనే మోకాలు పట్టేస్తుంది. ఏ క్రమంలో చూడాలి? మా ఇద్దరివీ షెంగెన్ వీసాలే, ఆస్ట్రియా ఇచ్చినవి. సరిపోతాయా?

జవాబు 1 (పట్టాల_పక్కన):
వీసా సరిపోతుందండి. స్లోవాకియా 2007 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమిలో, ఉంది, 2009 నుంచి యూరోనే వాడుతోంది. పాస్‌పోర్టు మాత్రం హోటల్లో వదలకండి, దారిలో తనిఖీ ఉండొచ్చు.

జనం ఎక్కువగా పొరపడేది స్టేషన్ దగ్గర. వియన్నా హౌప్ట్‌బాన్‌హోఫ్ (అక్కడి మెయిన్ స్టేషన్) నుంచి రెండు దారుల్లో రైళ్లు వెళ్తాయి. ఒకటి బ్రాటిస్లావా హ్లావ్నా స్టానిత్సాకి, అంటే మెయిన్ స్టేషన్‌కి. రెండోది డాన్యూబ్ నదికి దక్షిణాన ఉన్న పెత్ర్‌జాల్కాకి. రెండిటికీ దాదాపు గంటే పడుతుంది, బోర్డు మీద రెండిటికీ బ్రాటిస్లావా అనే ఉంటుంది. పెత్ర్‌జాల్కాలో దిగితే చుట్టూ అపార్ట్‌మెంట్లు తప్ప పాత ఊరు ఆనవాలే ఉండదు. అందుకని మెయిన్ స్టేషన్‌లో దిగి పెత్ర్‌జాల్కాలో తిరుగు రైలెక్కండి. అప్పుడు నడిచిన దారినే మళ్లీ నడవక్కర్లేదు. టికెట్ రెండు దారుల్లోనూ చెల్లుతుందో లేదో కొనేటప్పుడే అడగండి.

మెయిన్ స్టేషన్ నుంచి ష్టెఫానికోవా వీధి పట్టుకుంటే అంతా పల్లమే. అధ్యక్షుడి భవనం దాటి పాత ఊరి ద్వారమైన మైకేల్ గేటుకి ఇరవై నిమిషాలు. గేటు కింద ఆగి నేల చూడండి. జీరో కిలోమీటర్ ఫలకం ఉంటుంది, అక్కణ్నుంచి ప్రపంచంలోని నగరాలకు ఎంత దూరమో దాని మీద చెక్కి ఉంటుంది. అక్కడి నుంచి రాళ్లు పరిచిన దారిలో అక్కడక్కడా అరచేయంత ఇత్తడి కిరీటం గుర్తులు కనిపిస్తాయి. అది రాజుల పట్టాభిషేక ఊరేగింపు దారి. వాటి వెంట నడిస్తే మ్యాప్ తీయకుండానే సెయింట్ మార్టిన్ కెథడ్రల్ చేరతారు. అప్పట్లో ఈ ఊరు హంగరీ రాజ్యంలోది, 1563 నుంచి 1830 దాకా హంగరీ రాజులకు ఇక్కడే పట్టం కట్టారు, 1741లో రాణి మరియా థెరీసాకి కూడా. గోపురం కొన మీద శిలువ ఉండాల్సిన చోట బంగారు పూత కిరీటం ఉంటుంది.

మధ్యలో కాస్త పక్కకి మళ్లి ప్రధాన కూడలి, ప్రైమేట్ ప్యాలెస్ చూడండి. నెపోలియన్ గెలిచిన ఆస్టర్లిట్జ్ యుద్ధం తర్వాత 1805 డిసెంబరులో ఫ్రాన్స్, ఆస్ట్రియాల మధ్య సంధి జరిగింది ఆ ప్యాలెస్‌లోని అద్దాల హాల్లోనే. మ్యాన్‌హోల్‌లోంచి తొంగిచూసే చూమిల్ విగ్రహం దగ్గర ఫొటో కోసం క్యూ ఉంటుంది. పదింటిలోపు వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు. తూర్పున పది నిమిషాల నడకలో నీలి చర్చి. లోపలికి వెళ్లగలిగేది ప్రార్థన వేళల్లోనే, మిగతా సమయం తాళమే. దాని అందమంతా బయటే కాబట్టి పోయేదేం లేదు.

జవాబు 2 (రాళ్లబాట):
అంతా బాగుంది గానీ కోట మాటే రాయలేదు, అమ్మగారికి అసలు ఇబ్బంది అక్కడే. కెథడ్రల్ వైపు నుంచి ఎక్కే దారి బాగా ఏటవాలు, పైగా గుండ్రాళ్లు. ఎక్కేటప్పుడు ఆయాసమే, దిగేటప్పుడు మోకాళ్ల పని పడుతుంది. "ట్రాలీబస్సులో ఎక్కి నడిచి దిగండి" అని చాలామంది సలహా ఇస్తారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది తలకిందుల సలహా. హోజోవో కూడలిలో ట్రాలీబస్సెక్కి హ్రాడ్ స్టాప్‌లో దిగండి, తిరిగి రావడమూ బస్సులోనే. హ్రాడ్ అంటే కోట. కాగితం టికెట్ అయితే ఎక్కగానే మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే కొన్నా కొననట్టే, జరిమానా పడుతుంది.

కోట 1811లో తగలబడి, ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా మొండిగోడలుగానే ఉంది. ఇప్పటి తెల్ల భవనం ఆ తర్వాత మళ్లీ కట్టింది. ఆవరణ ఉచితం, డాన్యూబ్ మొత్తం అక్కణ్నుంచే కనిపిస్తుంది. నన్నడిగితే లోపలి మ్యూజియానికి టికెట్ దండగ.

కోట దగ్గర నిలబడి కిందికి చూస్తే కెథడ్రల్ గోడని రాసుకుంటూ పోయే పెద్ద రోడ్డు కనిపిస్తుంది. 1972లో తెరిచిన మోస్ట్ ఎస్ఎన్‌పీ వంతెనకి దారి అది. దానికోసం యూదుల పేటని, వాళ్ల ప్రార్థనా మందిరం సినగాగ్‌తో సహా, కూల్చేశారు.

గోదారి_గట్టు:
చాలా థాంక్సండీ. ఆ వంతెన మీద నడవొచ్చా? ఇంకో మాట, మేం శాకాహారులం.

జవాబు 3 (గొంగూర_పచ్చడి):
నడవొచ్చు. కార్ల రోడ్డు కిందే నడిచేవాళ్లకి వేరే అంతస్తు ఉంది, ఉచితం. వంతెన స్తంభం మీది పళ్లెంలాంటి యూఎఫ్‌ఓకి, అంటే ఊరంతా చూసే వేదికకి, మాత్రం టికెట్. అది 95 మీటర్ల ఎత్తున ఉంటుంది, పైకి లిఫ్టు ఉంది. అక్టోబరు మధ్యలో ఆరు దాటగానే పొద్దు గూకుతుంది కాబట్టి ఐదున్నరకల్లా పైన ఉండండి. దిగాక పెత్ర్‌జాల్కా స్టేషన్‌కి బస్సెక్కేయండి. చీకట్లో ఆ దూరం నడవడంలో చూసేదేం లేదు.

తిండి దగ్గర జాగ్రత్త. బ్రిండ్జోవే హలుష్కీ అంటే గొర్రెపాల చీజ్ కలిపిన బంగాళదుంప ముద్దలు. మెనూలో శాకాహారంలాగే కనిపిస్తుంది, పైన మాత్రం పందిమాంసం వేపుడు ముక్కలు చల్లి ఇస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "బెజ్ స్లానిని" అనండి, అంటే పందిమాంసం ముక్కలు వద్దని. ముక్కలు ఏరేస్తే సరిపోదు, కరిగిన కొవ్వు అప్పటికే ముద్దలకి పట్టేసి ఉంటుంది. వెల్లుల్లి సూప్ కూడా చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతోనే చేస్తారు. బెంగలేనిది విప్రాజని సిర్, అంటే బ్రెడ్ పొడి అద్ది వేయించిన చీజ్, ఆలుగడ్డ వేపుడుతో ఇస్తారు. కారం ఆశించకండి, చిన్న పచ్చడి సీసా సంచిలో వేసుకోండి.