గోవా టోర్నమెంట్లలో వరుస నష్టాలు: ఇది కాలం కలిసిరాకనా, నా ఆట సరిపోకనా?

ప్రశ్న: అరండల్‌పేట వాసి

పెద్దలకు, తోటి ఆటగాళ్ళకు నమస్కారం. నాది గుంటూరు, వయసు 32. బెంగళూరులో ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, 2021 జూన్‌లో దానికి రాజీనామా ఇచ్చి, పోకర్ టోర్నమెంట్లనే వృత్తిగా పెట్టుకున్నాను. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని 2020లోనే నిషేధించారు కనుక బెంగళూరులోనే గది అద్దెకు తీసుకుని ఉండిపోయాను. నాలుగు నెలలు తిరక్కుండానే, అదే ఏడాది అక్టోబరులో, కర్ణాటక కూడా నిషేధం తెచ్చింది. ఆ చట్టాన్ని అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టివేసే దాకా గోవాలో ఒక మిత్రుడి ఇంట్లో తలదాచుకుని ఆడాను.

2022 వేసవిలో ఒక పెద్ద ఆన్‌లైన్ టోర్నమెంటులో మొదటి స్థానం వచ్చింది. బహుమతి 32 లక్షలు, పన్ను కోత పోగా చేతికి అందినది 22 లక్షలు. ఆ డబ్బుతో చెల్లి పెళ్ళి చేశాము, ఇంటికి పై అంతస్తు వేశాము. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా జీవితమంతా గడిపిన మా నాన్నగారు ఆ రోజు వరకూ నేను ఏం చేస్తున్నానని ఎవరడిగినా "ఏదో ఆన్‌లైన్ పని" అనేవారు; ఆ తరువాత కూడా అదే అన్నారు, కాకపోతే కాస్త గట్టిగా అన్నారు.

2024 మధ్య నుంచి ఆన్‌లైన్‌లో దిగజారటం మొదలైంది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా ఆగిపోయాయి. గది ఖాళీ చేసి గుంటూరు వచ్చేశాను. అప్పటి నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో నాలుగుసార్లు గోవా వెళ్ళి 23 టోర్నమెంట్లు ఆడాను. ఎంట్రీ సగటున 35 వేలు. డబ్బు వచ్చింది ఒక్కదాంట్లోనే, అదీ 70 వేలు. పోయినసారి బబుల్ మీద, ఇంకొక్కరు పోతే అందరికీ డబ్బు వస్తుందన్న సమయంలో, నా చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు. ఇద్దరమూ మొత్తం చిప్పులు (పందెపు బిళ్ళలు) తోశాము. బల్ల మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలలోనే మూడో రాజు పడింది. పన్నెండు గంటలు కూర్చున్న కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి, మాండవి నది ఒడ్డున తెల్లవారేదాకా నడిచాను.

ఆగస్టులో నా దగ్గర 14 లక్షలు ఉండేవి, ఇప్పుడు 6 లక్షలు మిగిలాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. సానుభూతి కోసం ఇదంతా రాయటం లేదు. దురదృష్టాన్నీ చేతకానితనాన్నీ వేరు చేసి చూడటం ఎలాగో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం: పటమట పాతకాపు

వాసి గారూ, నేను విజయవాడ వాడిని, ఆరేళ్ళు ఇదే బతుకు బతికి మానుకున్నవాడిని. ముందుగా ఆ ఆసుల సంగతి వదిలేయండి. ముక్కలు తెరవక ముందు రెండు ఆసులు రెండు రాజుల మీద నెగ్గే అవకాశం దాదాపు 82 శాతం, అంటే అయిదుసార్లకు ఒకసారి ఓడిపోవలసినదే. మనం ఓడినదానికి తేదీ, సమయం, పక్కవాడి చొక్కా రంగుతో సహా గుర్తుంచుకుంటాము. మన రాజులు ఎవరి ఆసులనో పడగొట్టిన రోజు మాత్రం ఎంత తలచుకున్నా జ్ఞాపకం రాదు.

ఇక 23 టోర్నమెంట్ల లెక్క. మంచి ఆటగాడికి నూటికి పదిహేనుసార్లు డబ్బు వస్తుందనుకుందాము. అటువంటివాడు 23 ఆడితే ఒక్కసారో, అసలు ఒక్కసారీ కాకుండానో బయటపడే అవకాశం 12 శాతం. అంటే మీకన్నా బాగా ఆడేవాళ్ళు ఎనిమిది మంది గోవా వెళితే వారిలో ఒకరు మీలాగే తిరిగివస్తారు. కాబట్టి గోవా ఫలితాలు మీ గురించి ఏమీ చెప్పవు, మంచీ చెప్పవు, చెడూ చెప్పవు. టోర్నమెంటు ఆటలో నాకు అన్నిటికంటే కష్టమనిపించినది ఇదే. క్యాష్ గేమ్ (టోర్నమెంటు కాకుండా ప్రతి పందేనికీ నేరుగా డబ్బు పెట్టే ఆట) ఆడేవాడికి కొన్ని నెలలలో తన స్థాయి తెలుస్తుంది. టోర్నమెంటులో లాభమంతా మొదటి రెండు మూడు స్థానాలలోనే ఉంటుంది, ఆ స్థానాలు ఎప్పుడో గాని రావు. కాబట్టి ఎదురుగా కూర్చుని ఆడేవాడు ఏడాదికి డెబ్బై ఎనభై ఆడితే, తన ఆట ఎటువంటిదో తేల్చుకోవటానికి సగం యౌవనం పడుతుంది.

మీకు సాక్ష్యం కావాలంటే ఆన్‌లైన్ రికార్డులో వెతకండి. అక్కడ వేలల్లో ఆడి ఉంటారు. మొత్తం ఎంట్రీలు ఎంత, మొత్తం రాబడి ఎంత, నెలకు ఎంత మిగిలింది చూడండి. తరువాత ఆ 22 లక్షలు తీసేసి మళ్ళీ చూడండి. ఇది న్యాయమైన లెక్క కాదని నాకూ తెలుసు, ఎందుకంటే మొదటి బహుమతులు తీసేస్తే ఎంతటివాడైనా నష్టంలోనే కనపడతాడు. అయినా మీ వృత్తి మొత్తం ఎన్ని సాయంత్రాల మీద నిలబడి ఉందో దానివల్ల తెలుస్తుంది. 2024 తరువాతి కాలాన్ని మాత్రం విడిగా చూడండి, అది నన్ను కొంచెం అనుమానపెడుతోంది. 2023 అక్టోబరులో జమ చేసే సొమ్ముపై 28 శాతం జీఎస్టీ వచ్చిన తరువాత సరదాకి ఆడేవాళ్ళు తగ్గారు. మిగిలినవాళ్ళలో చాలామంది సాల్వర్లు (సరైన ఎత్తు ఏదో లెక్కకట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు) పెట్టుకుని, ఏ స్థానంలో ఎన్ని చిప్పులతో ఏ ముక్కలకు తోయాలో బట్టీ పట్టినవాళ్ళే. మీరు 2022లో నేర్చిన ఆటతోనే 2024లో కూర్చుని ఉంటే అది దురదృష్టం కిందకు రాదు.

ఇంకొక మాట. టోర్నమెంట్లకు కనీసం వంద ఎంట్రీల సొమ్ము పక్కన ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు, మీ ఎంట్రీకి అది 35 లక్షలు. మీ దగ్గర ఉన్నది 17 ఎంట్రీలు. నూటికి పదిహేనుసార్లు డబ్బు తెచ్చుకునే ఆటగాడే ఆ పదిహేడింటిలో ఒక్కసారి కూడా తెచ్చుకోకుండా పోయే అవకాశం 6 శాతం ఉంది. తెచ్చుకున్నా అది 70 వేలే అయితే కథ ఒక నెల ముందుకు జరుగుతుంది, అంతే. ఎవరైనా స్టేకింగ్ ఇస్తానని, అంటే గెలుపులో వాటాకు మీ ఎంట్రీలు తాను కడతానని వస్తే మేకప్ షరతు చదవకుండా ఒప్పుకోకండి. పోయిన సొమ్మంతా మీ పేరున పేరుకుంటుంది, గెలిచిన నాడు అది తీరాకే మీ వాటా మొదలవుతుంది. నేను మానేద్దామనుకున్న రోజున నా మేకప్ 11 లక్షలు. అది తీరాలని మరో ఏడాది ఆడాను, ఆ ఏడాది నా ఆట నాకే అసహ్యం వేసేది.

సమాధానం: పద్దుల మనిషి

నేను పోకర్ ఆడను, గవర్నరుపేటలో ఆడిటరు దగ్గర పద్దులు రాస్తాను. పాతకాపు గారు చెప్పినదంతా పన్నుకు ముందటి లెక్క. పన్ను తరువాతి లెక్క ఇలా ఉంటుంది.

పేక గెలుపులపై 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద 30 శాతం పన్ను పడుతూ వచ్చింది, దానిలోంచి ఏ ఖర్చూ మినహాయించుకోనివ్వలేదు. ఓడిన టోర్నమెంటు ఎంట్రీని గెలిచిన టోర్నమెంటు మీద తగ్గించుకోవటం కుదరదు. 35 వేల ఎంట్రీతో వంద టోర్నమెంట్లు ఆడారనుకోండి, పెట్టుబడి 35 లక్షలు. మీరు చాలా మంచి ఆటగాడు, పెట్టుబడిపై 20 శాతం లాభం తెచ్చారు, అంటే బహుమతులుగా 42 లక్షలు వచ్చాయి. డబ్బు వచ్చిన 15 టోర్నమెంట్ల ఎంట్రీలు 5 లక్షల 25 వేలను తీసివేయనిచ్చారనే అనుకుందాము. మిగిలిన 36 లక్షల 75 వేలపై 30 శాతం, సెస్సు పక్కన పెట్టినా, 11 లక్షలు దాటుతుంది. మీ అసలు లాభం 7 లక్షలు. అంటే ఆటలో గెలిచి, ఏడాది చివర 4 లక్షల నష్టంతో ఇంటికి వస్తారు. ఇంకా రైలు టికెట్టు, హోటలు గది ఇందులో లేవు. నష్టం లేకుండా బయటపడాలన్నా పెట్టుబడిపై 36 శాతం లాభం తేవాలి.

ఆన్‌లైన్‌లో 2023 ఏప్రిల్ నుంచి మూలంలో పన్ను కోత ఏడాది మొత్తానికి నికరంగా మిగిలిన గెలుపుపైనే ఉండేది. అది మీకు తెలియకుండానే మిమ్మల్ని కాపాడిన నియమం. ఆన్‌లైన్ పోవటంతో అదీ పోయింది. అందువల్ల మీ ప్రశ్నకు నేను చెప్పగలిగింది ఒకటే: దురదృష్టమా, చేతకానితనమా అని రెండే పేర్లు పెట్టుకున్నారు, మూడోది మీ పద్దులో ఉంది. మీ కాగితాలు పట్టుకుని మీ ఆడిటరు దగ్గరకు ఒకసారి వెళ్ళండి.

సమాధానం: సత్యనారాయణపురం గృహిణి

ఆట గురించి నాకు తెలియదు, మా వారు మూడేళ్ళు ఆడారు. ఓడిన రోజు చెప్పకపోవటం నాకు అర్థమయ్యేది. గెలిచిన రోజు కూడా చెప్పకపోవటం చాలాకాలం అర్థం కాలేదు. చెబితే నేను ఖర్చు పెట్టమంటానని భయమట. చివరకు ఇంటి ఖాతా వేరు, ఆట ఖాతా వేరు చేసి, నెల మొదటి తేదీన ఇంత అని ఇంటి ఖాతాలో పడాలన్నాను. నాలుగో నెలకు పడలేదు. గొడవ ఏమీ జరగలేదండీ, ఆయనకే తెలిసిపోయింది. సంబంధాలు చూస్తున్నారని రాశారు కనుక చెబుతున్నాను, ఆ అమ్మాయికి మీ అంకెలన్నీ ముందే చూపించండి.

సమాధానం: యార్డు పెద్దాయన

నాయనా, నేను మిర్చి వ్యాపారంలో నలభై ఏళ్ళుగా ఉన్నాను, క్లబ్బులో రమ్మీ అంతకంటే ఎక్కువ కాలంగా ఆడుతున్నాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచి వెళ్ళిన సత్యనారాయణ కేసులోనే చెప్పింది, మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టమని అదే తీర్పులో పక్కన పెట్టింది. మీ నాన్నగారి వంటివారికి పేక అంటే ఆ మూడు ముక్కలాటే కనపడుతుంది, వారిని తప్పు పట్టవద్దు.

మీ ఈడు కుర్రవాళ్ళు "మిర్చి మాత్రం జూదం కాదా" అని నన్ను అడుగుతూ ఉంటారు. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన సరుకు 2025 మొదట్లో ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించి జోక్యం చేసుకోవలసి వచ్చింది. నేనూ దెబ్బ తిన్నాను. అయితే ధర లేనప్పుడు నా టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని అద్దె కట్టుకుంటూ కూర్చోగలిగాను. మీ ఆటలో బ్లైండ్లు (వంతులవారీగా తప్పనిసరిగా వేయవలసిన పందేలు) అరగంటకో ముప్పావుగంటకో పెరుగుతాయట, కదలకుండా కూర్చున్నా చిప్పులు తరుగుతాయట. వేచి ఉండే వీలు లేని సరుకులో తిండి డబ్బు పెట్టకూడదు. ఉద్యోగం చూసుకుని, ఏడాదికి రెండుసార్లు సరదాకి వెళితే ఎవరూ కాదనరు. ఒకవేళ ఆడేదే నిశ్చయమైతే, ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి మాత్రం తేవద్దు; తెస్తే మొదట తెలిసేది మీ నాన్నగారికే, ఈ ఊళ్ళో గుమాస్తా చెవిన పడని అప్పు ఉండదు.

మళ్ళీ అరండల్‌పేట వాసి

అందరికీ కృతజ్ఞతలు. రెండు రాత్రులు కూర్చుని పాత స్టేట్‌మెంట్లన్నీ తీశాను. 2021 జూన్ నుంచి 2025 ఆగస్టు దాకా 50 నెలలలో ఆన్‌లైన్ టోర్నమెంట్లు సుమారు 4,600, సగటు ఎంట్రీ 2,200, పెట్టుబడి కోటి రూపాయల పైమాట. కోతలు పోగా మిగిలినది 19 లక్షలు, అంటే 19 శాతం. ఇంతవరకూ చూసి సంతోషించాను. నెలకు విడదీస్తే 38 వేలు వచ్చింది, 2021లో నేను వదిలేసిన జీతంలో అది సగం కూడా కాదు. ఆ 22 లక్షలు తీసేస్తే దాదాపు 3 లక్షల నష్టం. 2024 జూలై తరువాత ఆడిన పన్నెండు వందల పైచిలుకు టోర్నమెంట్లను విడిగా తీస్తే పెట్టుబడిపై 11 శాతం నష్టం. పాతకాపు గారి అనుమానం నిజమనే అనిపిస్తోంది, ఆ కాలపు ఆటలు కొన్ని మళ్ళీ వేసి చూస్తే బబుల్ దగ్గర నేను వదిలేసిన ముక్కలు చాలా ఉన్నాయి.

పద్దుల మనిషి గారి లెక్కను తెల్లకాగితం మీద తెలుగులో రాసి నాన్నగారికి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు కూడి చూసి, "5 లక్షల 25 వేలు తీసివేయనివ్వకపోతే ఇంకా పెరుగుతుంది కదా" అన్నారు. నాలుగేళ్ళలో నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. వచ్చే నెల గోవా టికెట్టు ఇంకా రద్దు చేయలేదు. పాత కంపెనీలో నాతో పనిచేసినవారికి మాత్రం నిన్న రెజ్యూమె పంపాను, నాలుగేళ్ళ ఖాళీ దగ్గర ఏం రాయాలో తెలియక ఆ వరుస అలాగే వదిలేశాను.