జిల్లా జైల్లో గొడవ ముదరకముందే ఆపడం ఎలా?

కృష్ణలంక:
విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల జిల్లా జైల్లో ఎక్కువమంది రిమాండ్ వాళ్లే. ఎండలు ముదిరితే బ్యారక్‌లో చిన్న మాటకే కొట్లాట. అదనపు వార్డర్లు రారు. ఉన్నవాళ్లతోనే ఏం చేయొచ్చు?

బ్రాడీపేట 4వ లైను:
ముందు నీళ్లు చూడండి. మోడల్ ప్రిజన్ మాన్యువల్ (జైళ్ల నిర్వహణకు కేంద్రం ఇచ్చిన నమూనా నియమావళి) లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. 200 మందికి 27 వేలు. మోటారు కాలిన రోజు 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండొస్తే సగం కూడా కాదు. ట్యాంకర్ ఎన్నింటికొస్తుందో బ్యారక్ దగ్గరే చెప్పేయాలి, వార్డర్ ఎదుటే పంచాలి. లేదంటే కుళాయి దగ్గర బలమున్నోడిదే రాజ్యం, గ్యాంగు అక్కడే పుడుతుంది.

అరండల్‌పేట:
నీళ్లు సరే, రిమాండ్ ఖైదీకి అన్నంకన్నా వాయిదా ముఖ్యమండీ. ఎస్కార్ట్ పోలీసులు రాక కోర్టుకు పంపలేకపోతే సాయంత్రం బ్యారక్ తాళం వేసేలోపే కారణం చెప్పి, కొత్త తేదీ చీటీ మీద రాసివ్వాలి. ఇంకోటి, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 479 సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు, మిగతావాళ్లు సగం రిమాండ్‌లోనే గడిపితే విడుదలకు కోర్టుకు రాయాల్సింది సూపరింటెండెంటే. మామూలు దొంగతనానికి గరిష్ఠం 3 ఏళ్లు, అంటే మొదటిసారి వాడికి ఏడాది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు వర్తించదు. ఈ జాబితా నెలనెలా తీయకపోతే 'నన్ను మర్చిపోయారు' అనే కోపం పేరుకుంటుంది.

పటమట:
ముందే కనిపించే గుర్తులు: బ్యారక్ మార్చమని ఒకేసారి నాలుగైదు అర్జీలు (భయపడ్డవాళ్లే ముందు తప్పుకుంటారు), ముందే దాచుకోడానికి క్యాంటీన్‌లో బిస్కెట్లు ఎగబడి కొనడం, రోజూ పలకరించేవాడు మొహం తిప్పుకోవడం. డ్యూటీ మారేటప్పుడు ఇవి నోటిమాటగా కాదు, రిజిస్టర్‌లో రాయాలి.

రాత్రి లోపల అరుపులు వినిపిస్తే ఒక్క వార్డర్ తాళం తీయకూడదు, కొట్లాట నాటకం కావచ్చు. అలారం కొట్టి, మనుషులొచ్చాకే తలుపు. ఇద్దరిని విడదీసి, డాక్టరుకు చూపించి, వేర్వేరు బ్యారక్‌లలో పెట్టాలి. అంతేగానీ ఇద్దరు కొట్టుకున్నారని బ్యారక్ మొత్తానికి ములాఖత్ ఆపొద్దు. అప్పటిదాకా చూస్తూ ఊరుకున్న నలభై మందినీ మీరే ఒక జట్టు చేసినట్టవుతుంది.

కృష్ణలంక:
వాయిదా చీటీ ఎవరు రాయాలండీ?

అరండల్‌పేట:
తేదీ రిమాండ్ వారెంట్ మీదే ఉంటుంది. వారెంట్లు చూసే గుమస్తా రాస్తే చాలు, కానీ ఇచ్చేది మాత్రం జైలర్ చేతుల మీదుగా ఉండాలి.