ఆస్పత్రిలో టీకా వేసుకున్నవాళ్ళే ఎక్కువుంటే టీకా పనిచేయనట్టేనా?

గోదారిగట్టు:
2021 ఆగస్టు 15 నాటికి ఇజ్రాయెల్ ఆస్పత్రుల్లో కోవిడ్ ముదిరినవాళ్ళు 515 మంది. అందులో 301 మంది రెండు డోసులూ వేసుకున్నవాళ్ళే. మా తమ్ముడు ఈ లెక్క చూపించి, అమ్మకు టీకా వేయించి ఏం లాభం అంటున్నాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది. దీనికి జవాబుందా?

లెక్కలమాస్టారు:
ఉందండీ. ఆ 301 మంది ఎంతమందిలోంచి వచ్చారో చూడాలి. అక్కడ యాభై దాటినవాళ్ళలో టీకా వేసుకున్నవాళ్ళు 21.3 లక్షలు, అసలు వేసుకోనివాళ్ళు 1.86 లక్షలే. జబ్బు ముదిరింది వేసుకున్నవాళ్ళలో 290 మందికి, వేసుకోనివాళ్ళలో 171 మందికి. లక్షకు చూస్తే 13.6, 91.9. అంటే టీకా వేసుకున్నవాళ్ళకు ముప్పు 85 శాతం తక్కువ, అదే 85 శాతం రక్షణ. యాభై లోపువాళ్ళలో లక్షకు 0.3, 3.9. అక్కడ దాదాపు 92 శాతం.

ఇప్పుడు అన్ని వయసులూ కలిపి లెక్కకట్టండి. 67.5 శాతమే వస్తుంది! 85కీ 92కీ మధ్య రావాల్సింది కదా? మొదటిసారి చూసినప్పుడు నేనూ కాగితం మీద రెండుసార్లు వేసి చూశాను. టీకా వేసుకోనివాళ్ళలో యాభై దాటినవాళ్ళు నూటికి 14 మందే, వేసుకున్నవాళ్ళలో 38 మంది. టీకా లేని పెద్దలకు టీకా లేని చిన్నవాళ్ళకంటే ముప్పు ఇరవై రెట్లకు పైనే. కలిపేసరికి వయసు తెచ్చిన ముప్పు టీకా ఖాతాలో పడిపోయింది. దీన్నే సింప్సన్ పారడాక్స్ అంటారు.

ఊరిడాక్టరు:
మాస్టారూ, లెక్క ఒప్పుకుంటాను. 85 శాతాన్నే పట్టుకుని ఇక భయం లేదంటే మాత్రం ఒప్పుకోను. యాభై దాటినవాళ్ళందరినీ ఒకే గంపలో వేశారు. 52 ఏళ్ళ మనిషీ 85 ఏళ్ళ మనిషీ ఒకటేనా? పైగా అక్కడ టీకాలు 2020 డిసెంబరులో మొదలయ్యాయి, పెద్దలకే ముందు వేశారు. ఆగస్టుకి రక్షణ తగ్గుతోందనే కదా, జులై చివర్లో అరవై దాటినవాళ్ళకు మూడో డోసు మొదలుపెట్టింది! ఇంకోటి, అక్కడ వేసింది ఫైజర్. మన దగ్గర ఎక్కువమందికి పడింది కోవిషీల్డ్. ఆ శాతాలు ఉన్నవి ఉన్నట్టు మన అమ్మలకు అంటగట్టకూడదు.

లెక్కలమాస్టారు:
నిజమే. శాతం మారుతుంది, పోల్చే పద్ధతి మారదు. అయినా ఆ 13.6ని చూడండి, అది టీకా లేని కుర్రవాళ్ళ 3.9 కంటే ఎక్కువే. టీకా వేసుకున్న పెద్దలనూ జాగ్రత్తగా చూసుకోవాలన్న మీ మాట ఇందులోనే ఉంది.

గోదారిగట్టు:
13.6 పక్కన 91.9 రాసి తమ్ముడికి పంపాను. అమ్మకు మూడో డోసు సంగతి డాక్టరుగారిని రేపే అడుగుతాను.